పొగ వస్తే ఇంటికి

ప్రభుదాస్ సోల్డరింగ్ ఐరన్ మొనను తడి స్పాంజికి రుద్దాడు. చుయ్‌మంది.

"చూడు బిడ్డా, కరెంటును లొంగదీసుడంటే కోడెను లొంగదీసుడే. తొందరపడొద్దు."

"అవ్ కాక," అంది భాగ్య.

ఇబ్రహీంపట్నం బస్టాండు ఎదురుగా ఉన్న మొబైల్ రిపేరు షాపు అది. ఇద్దరు నిలబడితే మూడోవాడు బయటే. భాగ్య పొద్దున్నే ఊడ్చి, బల్ల తుడిచి, ఉన్న ఒక్క కుర్చీ ప్రభుదాస్‌కు వేసి, తను గోడకు ఆనుకుని నిలబడింది. ఆమెకు ఇరవై ఆరేళ్లు. ఆయనకు యాభై మూడు.

ఇవాళ ఆ బల్ల మీదికి ఒక పవర్ సప్లై తయారు కావాలి. గోడ ప్లగ్గులోంచి కరెంటు తీసుకుని, నాబ్ తిప్పితే ఒకటింబావు వోల్టు నుంచి పద్దెనిమిది దాకా ఎంత కావాలంటే అంత ఇచ్చే డబ్బా. కొన్నది పనికిరాదు. చేత్తో చేయాలి.

ఆ పద్ధతి ప్రభుదాస్ చెప్పిందే. మలక్‌పేటలో ఆయన పని నేర్చుకునే రోజుల్లో, బల్ల ముందు కూర్చోవాలంటే ముందు ఒక సప్లై చేసి చూపించాలి. ఉస్తాద్ దాని ఎర్ర వైరునూ నల్ల వైరునూ ఒకదానికొకటి ఆనించేవాడు. పొగ రాకపోతే స్టూలు. పొగ వస్తే ఇంటికి. భాగ్యతో మాట్లాడిన మొదటి రోజే ఆయన ఈ సంగతి గొప్పగా చెప్పాడు.

"మంచి పద్ధతే కాక. గట్లనే చేద్దాం," అంది ఆమె.

ఇప్పుడు పని మాత్రం అంతా ఆయన చేతుల్లోనే ఉంది. "చెప్తె వచ్చే విద్య గాదిది. చూస్తె వస్తది," అన్నాడు.

ఒక ట్రాన్స్‌ఫార్మర్. నాలుగు డయోడ్లు. ఒక లావుపాటి కెపాసిటర్. మూడు కాళ్ల రెగ్యులేటర్, దాని వీపుకు వేడి లాగే అల్యూమినియం రెక్కలు. ముప్పై ఏళ్లు టీవీలు విప్పిన చేతులవి. అయినా మూడో కాలును ఒకటికి రెండుసార్లు అతికించాడు. ముప్పై ఏళ్ల పేరు ఈ పిల్ల కళ్ల ముందే పొగైపోతే, ఇక ఏ బల్ల ముందూ కూర్చునే మొహం ఉండదు.

ఫోన్ మోగింది. భార్య ప్రేమమ్మ.

"అయ్యిందా?"

"ఇంక కాలే."

"ప్రార్థనల ఉన్న."

"గీ డబ్బాకు ప్రార్థనేందే. పెట్టెయ్."

మధ్యాహ్నం రావిర్యాల ట్రాక్టరు డ్రైవరు ఎల్లేశ్ వచ్చి, తన ఫోన్‌ను ప్రభుదాస్ ముందు పెట్టాడు.

"సేటూ, ఛార్జింగ్ ఎక్కుతలేదు. జర చూడు."

ప్రభుదాస్ ఏదో అనబోయేలోపు భాగ్య చేయి చాపి ఫోన్ తీసుకుంది.

"ఈ పిల్ల కొత్తదా సేటూ? ఖరాబ్ చెయ్యదు గద?"

ప్రభుదాస్ దగ్గాడు. భాగ్య సూదితో ఛార్జింగ్ బొక్కలోని మట్టి తీసి, ఊది, వైరు పెట్టి చూపించింది. "సగం చెల్క దీన్లనే ఉన్నదన్నా," అంది. ఎల్లేశ్ ప్రభుదాస్‌కు దండం పెట్టి వెళ్లిపోయాడు.

మూడింటికి ప్రభుదాస్ నాబ్ తిప్పాడు. మీటరు ముల్లు ఐదు, తొమ్మిది, పన్నెండు అంటూ మెల్లగా లేచింది. ఆయన ఛాతీ కూడా లేచింది.

భాగ్య వంగి డబ్బాలోకి చూసింది.

"వోల్టులకు నాబ్ ఉంది కాక. కరెంటు ఎక్కువ పోతే ఆపేదేంది?"

"ఫ్యూజుంది గద."

"ఫ్యూజు పోయేలోపల ఫోన్ బోర్డు పోతది." ఆమె ఇంకొంచెం వంగింది. "గిది ఫ్యూజా?"

ఫ్యూజు ఉండాల్సిన చోట ఒక రాగి తీగ పోగు చుట్టి ఉంది. ముప్పై ఏళ్ల అలవాటు. చేయి తనకు తానే చుట్టేసింది.

ప్రభుదాస్ చెవులు వేడెక్కాయి.

"అడుగుతవా లేదా అని చూసిన," అన్నాడు.

"అవ్ కాక."

పోగు తీసి అసలు ఫ్యూజు పెట్టాడు. ముందు వైపు ఇంకో రెగ్యులేటర్ కలిపి, దానికి ఆంపియర్ల మీటరు, మూడు గాట్ల స్విచ్చు బిగించాడు. పావు ఆంపియర్, అర, ఒకటి. పెట్టినదానికి మించి ఒక్క పిసరు దాటదు. అన్నీ అయ్యేసరికి ఐదైంది. మధ్యాహ్నం అన్నం అలాగే ఉంది.

భాగ్య స్విచ్చును అర మీద పెట్టి, ఎర్ర వైరునూ నల్ల వైరునూ దగ్గరికి తెచ్చి ఆనించింది.

ప్రభుదాస్ కళ్లు మూసుకున్నాడు. బయట సాగర్ బస్సు హారన్ కొట్టి వెళ్లిపోయింది. కళ్లు తెరిచేసరికి ఆంపియర్ల ముల్లు అర దగ్గర నిలబడి ఉంది. భాగ్య వైర్లు వెంటనే తీయలేదు. ఇరవై దాకా లెక్కపెట్టింది. రెక్కల మీద వేలు పెట్టి చూసింది. వాసన చూసింది.

"పొగ రాలే కాక," అని వైర్లు విడదీసింది.

ప్రభుదాస్ ఊపిరి వదిలాడు.

"రేపటిసంది పనికి రా, షాపు నేను తొమ్మిదింటికి తెరుస్త," అంది భాగ్య.