ఎత్తెక్కని లారీ

“టర్బో పోయినట్టుంది. మీరేమంటారు?” అన్నాడు తెల్లచొక్కా ఆయన.

ముక్కుసూటి ఓసారి లారీ వైపు, ఓసారి ఆయన వైపు చూశాడు. షెడ్డులోకి అడుగుపెట్టి అయిదు నిమిషాలు కాలేదు, అప్పుడే పరీక్ష మొదలైపోయింది. పరీక్ష సంగతి సరే, ఓనరే శుద్ధ తప్పు చెబుతుంటే ఏం చెయ్యాలి? తప్పుని తప్పనడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. అందరూ అతన్ని ముక్కుసూటి అనేది అందుకే, ఇప్పటికి నాలుగు షెడ్లు మారిందీ అందుకే. కిందటి షెడ్డులో ఓనరుతో “మీ చేతికి పానా కంటే విసనకర్ర నప్పుతుంది” అన్నాడు. మధ్యాహ్నానికల్లా మూత తియ్యని క్యారియరుతో ఇంటికొచ్చేశాడు.

అందుకే పొద్దున్న గుమ్మంలోనే భార్య మాట తీసుకుంది. “ఈ పనీ పోయిందంటే మా తమ్ముడి కొట్టులో దుప్పట్లు మడతపెట్టుకోవడమే మీ గతి. ఓనరు రెండు రెళ్ళు ఆరంటే ఆరనండి. తప్పు అనే మాట మీ నోట రాకూడదు.”

బావమరిది కింద దుప్పట్లు మడతపెట్టడం కంటే ఇంజను మింగడం నయమనుకున్నాడు ముక్కుసూటి.

గేటు దగ్గర కాపలావాడు మొహమైనా చూడకుండా, “మెకానిక్ పనికేనా? నీలం లారీ దగ్గరికి పొండి, పరీక్ష అక్కడే” అన్నాడు. నీలం లారీ దగ్గర ఈయన ఉన్నాడు. ఇస్త్రీ నలగని చొక్కా, చేతిలో చిన్న పుస్తకం, చెవి మీద పెన్సిలు. ఓనరని వేరే చెప్పాలా?

“ఆలస్యమైంది సార్, బస్సు దొరకలేదు” అంటే, “నేను ఎనిమిదింటినుంచీ ఇక్కడే ఉన్నాను. అయినా మీరు ఎప్పుడొస్తే అప్పుడే కదండీ” అన్నాడు. ఆ దెప్పుని దులిపేసుకుని లారీ ముందుకి నడిచాడు ముక్కుసూటి. వెంటనే ఈ టర్బో ప్రశ్న పడింది.

“టర్బో... కావచ్చు సార్” అన్నాడు. “అయితే ఓసారి వేలు పెట్టి చూస్తే మనసుకి నిమ్మళం.”

గాలి గొట్టం విప్పి, ఇంజనులోకి గాలి తోసే ఆ టర్బో ఇరుసు పట్టుకుని అటూ ఇటూ కదిపాడు. వదులు లేదు. తిప్పితే ఎక్కడా గీరుకోకుండా గిర్రున తిరిగింది.

“గుండ్రాయిలా ఉంది సార్. మీరు టర్బో అనబట్టే కదా, అది బాగుందని తెలిసింది.”

తెల్లచొక్కా ఆయన నుదురు తుడుచుకున్నాడు. “నిజమే, తొందరపడ్డాను. అయితే డీజిల్ ఫిల్టరు పూడుకుపోయుంటుంది. ఇందాక షెడ్డు వెనక ఎత్తు మీద నడిపి చూశాను. సగంలోనే నీరసం, వెనక చూస్తే నల్లపొగ.”

తొందరపడ్డానని ఒప్పుకునే ఓనరుని ముక్కుసూటి ఈ జన్మలో చూడలేదు. ఇదేదో ఎర అనుకున్నాడు. కావాలని తలాతోకా లేకుండా చెప్పి, ఎవడు తలూపుతాడో కనిపెడుతున్నాడన్నమాట. తలూపితే పరీక్ష పోతుంది, ఊపకపోతే ఇంట్లో ఇచ్చిన మాట పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

“డీజిలు అందకపోతే పొగకి అంత నలుపెక్కడిది సార్? డీజిలు బాగానే పోతోంది, దానికి సరిపడా గాలే లేదు. మీరన్నది దగ్గరదగ్గరగానే ఉంది, మీ గురి ఒక్క గొట్టం పక్కకి జరిగిందంతే.”

ఆయన గబగబా పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. మార్కులే అయుంటాయి.

“గాలంటే గాలి ఫిల్టరేనంటారా?” అన్నాడు ఆశగా.

విప్పి చూశారు. ఫిల్టరు కొత్తది, వారం కూడా అయినట్టు లేదు. ఆయన మొహం వాడిపోయింది.

“దాన్ని చూడకుండా ముందుకెళ్ళకూడదు సార్, మంచిపని చేశాం” అని ఓదార్చాడు ముక్కుసూటి. ఓనరుని ఓదార్చడం అతనికి ఇదే మొదలు.

తర్వాత లారీ కిందకి దూరాడు. ఆయన చొక్కా చేతులు పైకి మడిచి, పానాలు ఒక్కొక్కటే అందించాడు, మోకాళ్ళ మీద కూర్చుని లైటు కూడా పట్టుకున్నాడు. టర్బో నుంచి ఇంజనుకి గాలి తీసుకెళ్ళే రబ్బరు గొట్టం పైకి నిగనిగలాడుతోంది. అడుగున, క్లిప్పు పక్కన మాత్రం నూనె మరక ఉంది. వేలితో వంచితే చీలిక బయటపడింది.

“ఇదిగో సార్ దొంగ. ఊరికే ఉన్నప్పుడు నోరు మూసుకునే ఉంటుంది. ఎత్తు మీద ఒత్తిడి పెరిగేసరికి తెరుస్తుంది. గాలంతా బయటికి పోతుంది.”

ఒత్తిడి పెరిగితే నోరు తెరవడం తన గుణమే కదా అని లోలోపల నవ్వుకున్నాడు.

చీలిన కొస కోసేసి, మిగతాది లాగి క్లిప్పు బిగించాడు. “మీరే నడపండి” అన్నాడాయన. ఇసుక బస్తాల లోడుతో ఉన్న లారీ షెడ్డు వెనక ఎత్తుని మూడో గేరులో గుక్క తిప్పుకోకుండా ఎక్కేసింది. అద్దంలో చూస్తే పొగ లేదు. పక్క సీట్లో ఆయన నోరు వెళ్ళబెట్టి కూర్చున్నాడు.

“ఇంత చూశాక చెప్పకుండా ఉండలేను” అన్నాడు చివరికి. “ఎన్నో షెడ్లు తిరిగాను. ఎదుటివాణ్ణి చిన్నబుచ్చకుండా దిద్దే మనిషిని చూడలేదు. మీతో కలిసి పనిచెయ్యడం అదృష్టం.”

ముక్కుసూటి కళ్ళు చెమర్చాయి. తప్పు అనే మాట ఒక్కసారి కూడా అనలేదు. దుప్పట్లూ బావమరిదీ కళ్ళముందునుంచి ఎగిరిపోయారు. ఇక ఉద్యోగం ఇచ్చానన్న మాట ఆయన నోట వినడమే మిగిలింది.

“చెప్పండి సార్” అన్నాడు.

తెల్లచొక్కా ఆయన పుస్తకం జేబులో పెట్టుకుని, గొంతు సవరించుకుని, రెండు చేతులూ జోడించాడు.

“నావి మూడూ తప్పులే గానీ, ఈ ఉద్యోగం నాకే ఇప్పించండి సార్.”