అత్త రుచి చూడని వాయి

వేయించిన ఉల్లి వేసి పెసరపప్పు ముద్ద దగ్గరపడేదాకా కలపాలి. ఉప్పులో ఊరిన బాతుగుడ్డు సొనలు కాల్చాలి. పాకం పట్టిన బూడిదగుమ్మడి ముక్కలు సన్నగా తరగాలి. చెక్క అచ్చులకు నూనె రాయాలి. ఎర్ర అట్టపెట్టెలు మడిచి పెట్టుకోవాలి. మొదటి వాయి దిగగానే చిన్యే అత్త ఒక రొట్టె విరిచి రుచి చూడాలి. ఆమె తల ఊపాకే మిగతావి బట్టీలోకి వెళ్లాలి.

లుకాంగ్ ఊళ్లోని ఆ బేకరీలో పెళ్లి రొట్టెలు ఎప్పుడూ ఇదే వరసలో తయారవుతాయి. ఆ ఉదయం మాత్రం చివరి పని దగ్గర అంతా ఆగిపోయింది.

"నేను తినను," అంది చిన్యే.

మేనకోడలు యూషాన్ పళ్లెం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "తినవా? అదేంటత్తా!"

"వాసన చూశాను, రంగు చూశాను. చాలు."

"రంగు చూసి సరిపెట్టుకోడానికి ఇదేమన్నా చొక్కా గుడ్డా?" అంటూనే యూషాన్ గొంతు తగ్గింది. "నీ నాలుక మళ్లీ పోయిందా? చలికాలంలో జ్వరమొచ్చినప్పటిలా?"

అప్పుడు చిన్యేకు ఏం తిన్నా మట్టిలా ఉండేది. 'రుచే తెలియకపోతే ఈ చేతులు ఉండి ఎందుకే' అని బట్టీ ముందు కూలబడి ఏడ్చింది. యూషాన్ అది మరిచిపోలేదు.

"నా నాలుక బాగానే ఉంది. నీ నాలుకే పొడుగైంది," అంది చిన్యే.

ఇంతలో తల్లీకూతుళ్లిద్దరు దుకాణంలోకి వచ్చారు. కూతురి పెళ్లి రొట్టెలు అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. ఆ వాసనకు ఆగలేక పెళ్లికూతురు పళ్లెం మీదికి చెయ్యి చాపింది. చిన్యే చటుక్కున పళ్లెం లాగేసింది.

"ఆగవే అమ్మాయ్! పెళ్లికూతురు తన పెళ్లి రొట్టె తానే తింటే తన అదృష్టం తానే మింగేసినట్టు. మీ అమ్మ తింటుందిలే."

"ప్రాణం లాగేస్తోంది కదా అత్తా!"

"లాగనీ. రేపు నీ స్నేహితురాళ్ల పెళ్లిళ్లలో కడుపు నిండా తిను."

తల్లి ఒక ముక్క నోట్లో వేసుకుంది. "నీ చెయ్యి చెయ్యే, చిన్యే! ఊరందరి పెళ్లిళ్లూ తీపి చేశావు. నీ కాపురం మాత్రం ఆ బట్టీతోనే గడిచిపోయింది."

"దానికేం? అలిగినా వెచ్చగానే ఉంటుంది," అంటూ చిన్యే తనూ ఒక ముక్క తింది. కళ్లు మూసుకుని నమిలి, మేనకోడలి వైపు తిరిగింది. "ఉల్లి ఇంకాస్త వేగనివ్వాల్సింది. తొందరపడ్డావు."

నాలుక ఎక్కడికీ పోలేదన్నమాట. వాళ్లు వెళ్లగానే యూషాన్ భయం కాస్తా కోపమైంది.

"ఆ పిల్లవి తిన్నావు కదా! గావ్ బాబాయ్ ఇంటివి ఎందుకు తినవు? ఆయనతో గొడవా?"

గావ్ ఈ బేకరీకి చెక్క అచ్చులు చెక్కే మనిషి. భార్య పోయి చాలా ఏళ్లయింది. రొట్టెల ఖర్చు మగపెళ్లివారిది, పంచే బాధ్యత ఆడపెళ్లివారిది. గావ్‌కు పెళ్లీడుకొచ్చిన కొడుకు ఉన్నాడు కాబట్టి, ఆయన రొట్టెలు కావాలనగానే యూషాన్ ఇంకేమీ అడగలేదు. ఈ వాయి కోసమే ఆయన కొత్త అచ్చు కూడా చెక్కి తెచ్చాడు.

"నాకేం గొడవ? అచ్చులో పిట్ట తోక లావుగా చెక్కాడు, అంతే," అంది చిన్యే.

"అయితే తిను."

"తినను. నువ్వు తిను."

"నేనా? నేను బాగుందంటే సరిపోతుందా?"

"ఇవాళ్టికి నీ మాటే మాట."

యూషాన్ రొట్టె విరిచింది. పై పొరలు రెక్కల్లా రాలాయి. నోట్లో పెట్టుకుని మెల్లగా నమిలింది.

చిన్యే చేతుల్లో అప్రాన్ అంచు నలిగిపోతోంది. "చెప్పవే! పొర విడిందా? సొన ఎండిపోలేదు కదా? గుమ్మడి పంటికి తగులుతోందా?" ఆమె తన రొట్టె గురించి మరొకరిని ఇలా అడగడం యూషాన్ ఎప్పుడూ వినలేదు.

"అత్తా, ఇంత బాగా నువ్వెప్పుడూ చేయలేదు."

"నా మొహం చూసి చెప్పకు. నిజం చెప్పు."

"నిజంగానే అత్తా. తింటుంటే అప్పుడే మింగేయబుద్ధి కావడం లేదు."

చిన్యే గబుక్కున బట్టీ వైపు తిరిగింది. వేడికి కళ్లు మండినట్టు మోచేత్తో తుడుచుకుంది. "అయితే మిగతావి పెట్టు."

చివరి వాయి చల్లారే వేళకు గావ్ గుమ్మంలోకి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నీళ్లతో అణిచి దువ్విన జుట్టు.

"చూడు బాబాయ్, నీ రొట్టెలు అత్త ముట్టనంటోంది!"

"ముడితే నేనూరుకోను," అన్నాడు గావ్. అనేసి చెవులు ఎర్రబడి పెట్టెలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

"నువ్వు లెక్క తప్పుతావు గానీ పక్కకి జరుగు," అంది చిన్యే. పై పెట్టెకు ఎర్ర దారం కట్టి, దాన్ని మేనకోడలి చేతుల్లో పెట్టింది.

"ఇవన్నీ మన చుట్టాలిళ్లకు నువ్వే పంచాలి. తినేముందు మీ నానమ్మను ఒక్కసారి తలుచుకోమని అందరికీ చెప్పు. పెళ్లికూతురు తన రొట్టె తినకూడదని నాకు చెప్పింది ఆవిడే."