నిజమే పలికే దుప్పి రాజు

ఎన్నడూ అబద్ధమాడదని అడవంతా కలిసి దుప్పిని రాజుగా ఎన్నుకున్న రోజు నుంచీ ముంగిసకు ఒకటే కడుపుమంట. "కొమ్ములు తప్ప దానికేముంది?" అని గొణుక్కునేది.

ఒకరోజు తోడేలొచ్చింది. "రాజా, కుందేళ్లెక్కడ?"

దుప్పి తల వంచుకుంది. "అబద్ధం నా నోట రాదు. అదుగో, ఆ పొదలో..."

ఇక రాజు పరువు పోయినట్టేనని ముంగిస లోలోపల సంబరపడింది. కానీ పొదలో వణుకుతున్న చెవులు చూసి ఆగలేకపోయింది.

"ఆ పొదలోంచి ఇందాకే ఏరు దాటి పోయాయి మామా! పరిగెత్తు, దొరుకుతాయి!"

తోడేలు ఏటివైపు పరుగు తీసింది. 

కుందేళ్లు బయటికొచ్చాయి. ముంగిస మీసాలు దువ్వుకుంది. అవి దాన్ని దాటుకుని వెళ్లి దుప్పి కాళ్ల మీద పడ్డాయి.

"ప్రాణాల మీదికొచ్చినా అబద్ధమాడలేదు. రాజంటే మా రాజే!"

"ఎవరి ప్రాణాల మీదికర్రా?" అని అరిచింది ముంగిస.