ముందు పరుగెత్తిన పిల్ల

కరుణకు ఉద్యోగం రాకపోవడానికి కారణం ఆ తాండూరు పిల్లే.

బిచ్చయ్య ఈ మాట ఎదురుపడిన ప్రతి మనిషికీ చెప్పాడు. వికారాబాద్ బస్టాండులో మోమిన్‌పేట్ బస్సు కోసం కూర్చుని ఇప్పుడూ అదే చెబుతున్నాడు.

"ఎట్ల జరిగిందే బిచ్చన్నా?" పక్కన కూర్చున్న అదే ఊరి బీరన్న అడిగాడు. పదిసార్లు విన్నదే. బస్సు రావాలిగా మరి.

"హైదరాబాద్‌ల మారథాన్. బిడ్డకు చెప్పకుండ పోయి తొవ్వ పక్కన నిలబడ్డ. కరుణ మస్తు ఉరుకుతున్నది. ముందర గా పొడుగు పిల్ల. అటు జరగది, ఇటు జరగది. నా బిడ్డ ముక్కుకు ఆనుకొనే ఉరుకుతది."

"మొత్తుకోకపోయినవ్?"

"గొంతు పోయేదాక మొత్తుకున్న. ఇంటదా? తాడు దాటి దుంకిన. రెక్క పట్టి గుంజిన. దబ్బున పడ్డది."

బెంచీ మీదివాళ్లు నవ్వారు.

"'పో బిడ్డా, తొవ్వ ఇడిపించిన' అని కరుణకు చెప్పిన. కింద పడి గూడ గా పిల్ల ఏమన్నదో ఎరుకేనా? 'నేను లేకుంటే ఆమె ఆగమైతది కాకా' అన్నది. ఎంత పొగరు!"

"పోలీసోళ్లు?"

"పట్టిన్రు. 'మా కాకనే, ఇడిచిపెట్టున్రి' అని గా పిల్లనే చెప్పింది. తప్పు తనదాయె, కేసెట్ల పెడతది?"

ఆ రోజు కరుణ గమ్యం చేరేసరికి నిర్ణయించిన సమయం దాటిపోయింది. ఆ లోపు చేరితే క్రీడల కోటాలో ఉద్యోగం. తల్లి బుగ్గమ్మ పోయాక బిచ్చయ్య గొర్రెలు కాస్తూ ఒంటిచేత్తో పెంచిన బిడ్డ. ఆ పందెం రోజు నుంచి వికారాబాద్ హాస్టల్ వదిలి ఇంటికి రాలేదు. ఈ రోజు బిచ్చయ్యే వెతుక్కుంటూ వస్తే హాస్టల్ గేటు దగ్గరికీ రాలేదు.

"నాయినా."

వెనక కరుణ నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో. భుజాన సంచీ.

"గా పిల్ల పేరు ఇక్రా."

"ఎవతైతే నాకేంది?"

"నా కోసమే ఉరికింది. నా వేగం తగ్గకుండ ముందర ఉండి, ఎదురుగాలి తను తిని, ఆఖర్ల పక్కకు జరుగుతనన్నది."

"తన గెలుపు ఇడిసి ఎవలన్న గట్ల ఉరుకుతరా?"

"మన మంద ముందర మేకను ఎందుకు నడిపిస్తవ్ నాయినా?"

ముందు మేక లేకపోతే గొర్రెలు రోడ్డు మీదే తలలు దించుకుని నిలబడిపోతాయి. అది బిచ్చయ్యకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు.

"నువ్వు గుంజితే పడ్డప్పుడు ఇక్రా మోకాలు పోయింది. ఇంక ఉరకదంట. చూసేటందుకు పోతున్న. వస్తవా?"

బిచ్చయ్య బెంచీ మీంచి లేవలేదు.

తాండూరు బస్సు వచ్చింది. కరుణ ఎక్కింది. కిటికీలోంచి కూడా చూడలేదు.

బస్సు పోయాక బీరన్న మెల్లగా అన్నాడు.

"బిచ్చన్నా, గైతే గా తాండూరు పిల్ల..."

"గా ముచ్చట నేను సచ్చేదాక ఎత్తకు," అని బిచ్చయ్య గొంగడి దులుపుకుని లేచి, వేరే బెంచీ మీద ఒక్కడే కూర్చున్నాడు.