చెంబు మీది పువ్వులు

“మజ్జిగ తెచ్చినావే, ఆ చెంబు మీద ఏముండాదో సదువు” అంది మునెమ్మ.

చెంగమ్మ నవ్వింది. “సదివేదానికేముండాది టీచరమ్మా? పువ్వుల నగిషీ గదా. మా ఇంట్లో సామాన్లన్నిటికీ ఉండాది. నా కోసరమే చేపిచ్చినానని నా మొగుడు చెప్పినాడు.”

ఐరాలలో మొగుడు దొరస్వామి తనను గెంటేసి, చిత్తూరులో ఈ పిల్లతో కాపురం పెట్టిన నాటి నుంచి మునెమ్మ కడుపు రగులుతూనే ఉంది. ఆ కసితోనే, తానెవరో చెప్పకుండా, చెంగమ్మకు పలక పట్టించి అక్షరాలు నేర్పింది.

“బాగా సూడు.”

చెంగమ్మ వేలు పెట్టి కూడబలుక్కుంది. “ము... నె... మ్మ.” నవ్వు ఆగిపోయింది. “ఎవురామె?”

“నేనే. నీకంటే ముందు ఆయప్ప పెండ్లాన్ని. అవి మా నాయన పెట్టిన సామాన్లు. ఇంగ నువ్వు పువ్వులనుకోవాలన్నా నీ వల్ల కాదు. గిన్నె తోమినా, గరిటె పట్టినా, నా పేరే అగపడతాది.”

ఏడుస్తుందనుకుంది. చెంగమ్మ చెంబును కొంగుతో తుడిచి మళ్లీ చదివింది. ఈసారి కూడబలుక్కోలేదు.

“మునెమ్మ.”

తలెత్తింది. “ఆయప్పకి సదువు రాదక్కా. నీళ్లడిగినప్పుడల్లా నేనే నీ పేరు గట్టిగా సదివి వినిపిచ్చి, చెంబు చేతికిస్తా.”