ఆపకూడని మిషన్

"ఆ స్విచ్ ముట్టుకోకండి."

విశ్వకర్మ పూజ నాటి పొద్దున్నే గమ్హరియా పారిశ్రామికవాడలో కూర్మారావు షెడ్డులోకి వచ్చిన ముసలావిడ అన్న మొదటి మాట అది.

ఆవిడెవరో అక్కడ ఎవరికీ తెలియదు. నుదుట బొట్టు లేదు. మెడలో సన్నని శిలువ, చేతిలో ప్లాస్టిక్ సంచి. నేరుగా వచ్చి ఇనుము చెక్కే కంప్యూటర్ లేత్ ముందు నిలబడిపోయింది.

షెడ్డుకున్న లేత్ అదొక్కటే. మూతపడ్డ ఫ్యాక్టరీ నుంచి కొన్న పాత మిషన్. దాన్ని నమ్ముకునే కూర్మారావు మొన్ననే రైలు వ్యాగన్ల పిన్నుల ఆర్డరు పట్టాడు. ఆ ఆర్డరు పోతే షెడ్డుకి తాళమే.

పూజ రోజు ఆ చుట్టుపక్కల ఏ మిషనూ తిరగదు. తుడిచి, బొట్టు పెట్టి, దండ వేసి, రోజంతా కరెంటు తీసి ఉంచుతారు. కూర్మారావు భార్య జగదాంబ అప్పటికే పసుపు కలుపుకుని కూర్చుంది. ఇక కరెంటు తియ్యడమే తరువాయి. లేత్ నడిపే బలరామ్ ఆవిడకి నచ్చజెప్పబోయాడు.

"మేడమ్, ఆజ్ మషీన్ కీ ఛుట్టీ హై."

"సెలవిత్తన్నారా, చావిత్తన్నారా? తెర మీద ఆ మినుకు మినుకు చూళ్ళేదేటి? లోపల బ్యాటరీ అయిపోనాది. ఇప్పుడాపితే దీనికి మతి పోద్ది."

కూర్మారావుకి నవ్వొచ్చింది. ఆ మినుకు ఎప్పట్నుంచో ఉన్నదే. అందరి కళ్ళకీ అలవాటైపోయింది.

ఆవిడ నవ్వలేదు.

"బాబూ, మొదట్లో కంప్యూటర్ మెమరీ ఇనప పూసల్తో అల్లీవోరు. కరెంటు తీసినా మర్సిపోయీది కాదు. ఇప్పటి మిషన్లూ మర్సిపోవు. ఇది ఆ రెండు తరాల మద్దెన పుట్టింది. కరెంటన్నా ఉండాలి, బ్యాటరీ అన్నా ఉండాలి. రెండూ లేకపోతే దీనికి నేర్పిందంతా తుడుచుకుపోద్ది."

సంచిలోంచి కొత్త బ్యాటరీ తీసింది. మిషన్‌కి కరెంటు ఉండగానే ప్యానెల్ తెరిచి మార్చాలట. కాసేపటి పనట.

అదే కూర్మారావుకి మింగుడుపడలేదు. ఒకప్పుడు ఉక్కు ప్లాంటులో ఉద్యోగం చేసినన్నాళ్ళూ కరెంటు తీసి షట్‌డౌన్ చెయ్యనిదే ప్యానెల్ తలుపు ముట్టుకోని మనిషి. పైగా పూజ వేళ. ఈవిడ బ్యాటరీలు అమ్ముకోవడానికి వచ్చిందనుకున్నాడు.

"మాకేటీ వద్దమ్మా. పండగపూట బేరాలు పెట్టకండి."

"నేను బేరమాడేనా? రూపాయి అడిగేనా?"

"మీకు పూజ లేదేమో, మాకుంది."

"మీ దేవుడు పనోడే కదా బాబూ. పనిముట్టుని చంపేసి దండేస్తే ఒప్పుకుంటాడా?"

జగదాంబకి ఒళ్ళు మండిపోయింది. బయటికి నడవమంది. ఆవిడ స్టూలు లాక్కుని, ప్యానెల్‌కి వీపు ఆనించి కూర్చుంది. కావలిస్తే పోలీసుల్ని పిలుచుకోమంది.

కూర్మారావు వాదన పెట్టుకోలేదు. గోడ దగ్గరికెళ్ళి మెయిన్ స్విచ్ దించేశాడు.

తెర ఆరిపోయింది.

ఆవిడ తిరిగి ఆ తెర వంక చూసింది. బ్యాటరీ మళ్ళీ సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు కరెంటు ఇస్తే మిషన్ కదల్లేదు. ఎక్కించిన కొలతల్లో ఒక్కటీ మిగల్లేదు. కోల్‌కతా సర్వీసు ఇంజనీరు ఫోనులోనే చేతులెత్తేశాడు. ఆ కొలతలు ఆ ఒక్క మిషన్‌కే సొంతమనీ, దాన్ని చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడిందనీ చెప్పాడు. కూర్మారావు తల పట్టుకున్నాడు. ఆవిడ పేరైనా అడగనందుకు తనని తానే తిట్టుకున్నాడు.

గడువు దాటింది. ఆర్డరు అతని తర్వాత తక్కువ రేటు వేసిన, పక్కనే ఉన్న ఆదిత్యపూర్‌లోని ఒక షెడ్డుకి వెళ్ళిపోయింది.

తన మనుషులకైనా అక్కడ పని ఇప్పిద్దామని కూర్మారావు సిగ్గు చంపుకుని ఆ షెడ్డుకి వెళ్ళాడు. లోపల అచ్చం తన లేత్ లాంటిదే ఇంకొకటి తిరుగుతోంది. దాని పక్కన చేతులు తుడుచుకుంటూ ఆ ముసలావిడ.

ఇక్కడ పనిచేస్తోందనుకున్నాడు. ఓనరు గారు ఉన్నారా అని అడిగాడు.

"నేనే. డార్కస్ నా పేరు."

 ఆవిడే చెప్పింది. రెండు లేత్‌లూ మూతపడ్డ ఆ ఫ్యాక్టరీవే, రెంటికీ ఒకేసారి బ్యాటరీలు వేశారు. పూజకి ముందు తన మిషన్‌లో బ్యాటరీ చివరికొస్తే మార్చుకుంది. రెండో లేత్ ఎక్కడుందో వెతుక్కుంటూ వచ్చింది.

"రేపట్నుంచి నీ మనుషుల్ని పంపు బాబూ, పని సాలా ఉంది. నీ మిషన్‌కి మళ్ళీ అన్నీ కొలిసి ఎక్కించుకోవాల, నెలలు పడతాది. గెలవాలంటే నిన్ను రేటులో గెలుత్తాను గానీ, ఇలాక్కాదు."

పూజ రోజు ఆ షెడ్డులో ఉన్న అందరిలోకీ, మిషన్ చస్తే ఆ ఆర్డరు ఎవరి ఒళ్ళో పడుతుందో తెలిసిన మనిషి ఆవిడొక్కతే.