క్వారీలో ఏడో దొంగతనం

క్వారీలో ఏడో శిలాజం కూడా మాయమైంది. కాపలాదారు ఫోన్ చేసి చెబితే, తనిఖీ అధికారిణి ఎప్పటిలాగే శుక్రవారం వస్తానంది. అతను గురువారమే గడ్డం గీసుకున్నాడు.

ఆ క్వారీలో తవ్వకాలు ఆపేసి పదేళ్లయింది. రాతి పొరల్లో కోట్ల ఏళ్లనాటి గవ్వలు, చేపలు బయటపడటంతో ప్రభుత్వం చుట్టూ కంచె వేసింది. వానలకు రాలిన ముక్కల మీద తెల్లరంగుతో నంబరు వేసి, రాలిన చోటే వదిలేస్తారు. సోమవారం సోమవారం వాటిని లెక్కపెట్టడం కాపలాదారు పని. మిగతా ఆరు రోజులూ పని లేదు, ఏ రోజూ పలకరించే నాథుడు లేడు.

రెండు నెలల కిందట వార్షిక తనిఖీకి ఆవిడ వచ్చినప్పుడు లెక్క సరిగ్గానే ఉంది. ఆ తర్వాతే వారానికొకటి తగ్గడం మొదలైంది. దొంగెవరో గానీ, వాడి పుణ్యమా అని కాపలాదారుకి వారానికి ఒక పూటైనా మనిషి మొహం కనిపిస్తోంది.

శుక్రవారం అతను టీ కాచేలోగా, ఆవిడ ఒక్కతే పొరలన్నీ చూసొచ్చి కుర్చీలో కూర్చుంది.

“ఇక్కడికి ఎవరెవరు వస్తున్నారు?”

“మీరు తప్ప ఎవరొస్తారు మేడమ్?”

“అయితే మిమ్మల్నే అనుమానించాలి,” అని నవ్వింది.

అతనూ నవ్వాడు. ఆవిడ కళ్లలోకి మాత్రం చూడలేకపోయాడు.

రెండో కప్పు ఆవిడే అడిగి పోయించుకుంది. ఇంట్లో ఒక్కదానికోసం టీ పెట్టుకోబుద్ధి కాదట.

“సోమవారం కెమెరాలు బిగిస్తారు,” అంది లేస్తూ. “ఇక దొంగతనాలు ఆగిపోతాయి.”

అతని ప్రాణం ఉసూరుమంది. “మరి మీరు?”

“ఏదీ పోకపోతే నేనేం పని పెట్టుకుని రాను?”

ఊరికే రావచ్చు కదా అన్న మాట అతని నోటిదాకా వచ్చింది. ఆఫీసరుతో అలా ఎలా అంటాడు? మింగేశాడు. గేటు దాకా సాగనంపి, కారు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాడు. మళ్లీ తన కాపలా గదిలోకి వెళ్లాలంటే అడుగు పడలేదు.

ఇంటికెళ్లాక ఆవిడ హ్యాండ్‌బ్యాగులోంచి ఎనిమిదో శిలాజం తీసి, కిటికీ గట్టు మీద మిగతా ఏడింటి పక్కన పెట్టి, సోమవారం లెక్కలో ఇదీ తగ్గుతుంది కాబట్టి ఇంకొక్క శుక్రవారం మిగిలిందని లెక్క వేసుకుంది.